దిగబడిన బండి

తుపాను దినములలో రేడియో దగ్గర కూర్చుండువారికి కళింగపట్నము పేరు పరిచితమే. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టగానే రేవులకు ఇచ్చు హెచ్చరికలలో ఆ పేరు వినవచ్చును. 2021 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి గులాబ్ తుపాను తీరము దాటినది ఈ ఊరికి ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరముననే. అయితే పేరు విన్నవారిలో ఆ ఊరి నేల త్రొక్కినవారు కొలదిమందియే. నేనీనాడు ముచ్చటింపదలచినది గాలిని గురించి కాదు, నేలను గురించి. ఆ నేలలో బండిచక్రము దిగబడినప్పుడు దానిని పైకి తీయు పనిని గురించి.

వంశధార ఇచ్చట సముద్రములో కలియుచున్నది. నది తెచ్చిన ఒండ్రు ఒక వైపు, సముద్రము త్రోసిన ఇసుక ఒక వైపు, నడుమ వరిమళ్లు. శాలిహుండము బౌద్ధస్తూపముల కొండ దిగి కడలి యొడ్డునకు పోవువాడు ఒక పూటలో మూడు నాలుగు రకముల నేలను దాటును. వానకాలమున రోడ్డు విడిచి ప్రక్కకు దిగినవానికి ఈ భేదము వెంటనే తెలియును. మన పూర్వులకు ఇది బాగుగా తెలిసినట్లు భాషయే చెప్పుచున్నది. తడిసి జారునది చిత్తడి. త్రొక్కి త్రొక్కి మెత్తనైన మన్ను అడుసు. కాలు దిగిన తేలికగా రానిది రొంపి. క్రింద గట్టినేల తగులనిది ఊబి. బండి దిగబడినదని ఎవడైన కబురు తెచ్చినప్పుడు, ఎందులో దిగబడినదని ముందు అడుగవలెను. చిత్తడికి చేయు చికిత్స ఊబికి పనికిరాదు.

కళింగపట్నము ఒకప్పుడు రేవుపట్టణము. ఓడలు ఒడ్డుదాక రాజాలక దూరముగా లంగరు వేసెడివి. సరకు పడవలమీద ఓడకు చేరెడిది. పడవదాక చేరవలెనన్న ఎడ్లబండియే దిక్కు. లోతట్టు గ్రామములనుండి బస్తాలు మోసికొనివచ్చు బండ్లకు బాటలో రొంపియు, ఒడ్డున ఇసుకయు తప్పనివి. అందుచేత బండి తీయు విద్య ఈ ప్రాంతపు బండివాండ్రకు బ్రతుకుతెరువులో భాగమై యుండెను.

బండి దిగబడినప్పుడు మంచి బండివాడు మొదట చేయు పని చర్నాకోల దింపుట. ఎడ్లను అదలింపడు. క్రిందికి దిగి చుట్టు తిరుగును. ఏ చక్రము ఎంత దిగినది, ఇరుసు నేలకు ఆనినదా లేదా, ముందు గట్టినేల ఎన్ని బారల దూరమున ఉన్నదో చూచును. ఇరుసు ఆనినచో ఎంత లాగినను లాభము లేదని అతడెరుగును. పిమ్మట బరువు దింపును. పది బస్తాలు దింపి మరల ఎత్తుకొనుట కష్టమే. ఎద్దు కాలు విరుగుటకంటె అది చులకన. అప్పుడు నలుగురు వచ్చి చక్రపు ఆకులు పట్టుదురు. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. తెలిసినవారు చక్రము పైభాగమున ఉన్న ఆకును పట్టి ముందుకు త్రిప్పుదురేగాని, ఇరుసు దగ్గర నెట్టరు. చక్రము నేలను తాకు చోటు మీటకు ఆధారమువంటిది. పై అంచు ఇరుసుకంటె రెండింతల ఎత్తున ఉన్నది గనుక అచ్చట పెట్టిన బలము రెండింతలుగా పనిచేయును. అందుకు బదులు బండి మూరెడు కదలుటకు పట్టిన చేయి రెండు మూరలు కదలవలెను. యంత్రశాస్త్రము చదువని బండివాడు ఈ లెక్కను భుజముతో నేర్చుకొన్నాడు.

కర్ణుని రథచక్రము క్రుంగిన కథ మనకందరకు తెలిసినదే. శాపమును, ధర్మాధర్మములను ప్రక్కకు పెట్టి, ఆ ఘట్టమును బండివాని కంటితో చూచిన వేరొక సంగతి తోచును. ఆ వీరుడు రథము దిగి చక్రమును చేతులతో పట్టి పైకెత్తబోయినాడు. తడిమట్టిలో దిగిన వస్తువును నిట్టనిలువుగా పైకి లాగుట అన్నిటికంటె కష్టమైన పని. బంకమట్టికి చక్రమునకు నడుమ గాలి చొరదు. పైకి లాగినకొలది అడుగున వెలితి ఏర్పడి, మన్ను దానిని తిరిగి క్రిందికే పీల్చును. అడుసులో కాలు దిగిన నాట్లకూలి మడమను కొంచెము అటునిటు ఆడించి, గాలిని చొరనిచ్చి, అప్పుడు పాదము తీయును. ఒక్కపెట్టున ఈడ్చినచో కాలు రాదు, మనిషి పడును. ఇది కవులమీద ఆక్షేపణ కాదు. అంతటి బలవంతునికిని బలము చాలని చోటొకటి కలదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

ఇక మోటారు వాహనములు. ఎద్దు దిగబడిన చోట తానే నిలుచును. ఇంజను నిలువదు. చిక్కంతయు అందులోనే ఉన్నది. జారిన టైరు గిరగిర తిరుగుచు తన క్రింది మట్టిని వెనుకకు విసరి, తన గోతిని తానే త్రవ్వుకొనును. టైరు గాళ్లు మట్టితో నిండి, పట్టు పోయి, నున్నని రోలువలె అగును. పావు నిమిషములో జానెడు లోతు గొయ్యి మూరెడు లోతగును. సామాన్యమైన కారులోను, లారీలోను వేరొక ఇబ్బంది కలదు. మలుపులలో రెండు వెనుక చక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల అమరిక పెట్టినారు. గట్టి రోడ్డుమీద అది మేలు. బురదలో అదియే శత్రువు. ఒక చక్రము జారు నేలమీద పడిన, అది తేలికగా తిరుగుచుండగా, గట్టినేల మీదనున్న రెండవ చక్రము కదలక చూచుచుండును. ఈ లోపమును పోగొట్టుటకే ట్రాక్టర్లకు రెండు చక్రములను కలిపి బిగించు పెడలు ఉన్నది. దానిని జారకముందే నొక్కవలెను. తిరుగుచున్న చక్రముమీద నొక్కినచో పండ్లు విరుగును. మలుపు తిప్పునప్పుడు నొక్కియుంచరాదు.

ఇసుకలో చేయవలసిన మొదటి పని వినుటకు విచిత్రముగా ఉండును. టైరులోని గాలి తీయవలెను. రోడ్డుమీద 30 పౌన్ల గాలితో నడచు టైరును 15 నుండి 18 పౌన్లదాక దింపిన, అది పొడవుగా పరచుకొని, అదే బరువును ఎక్కువ నేలమీద పంచును. ఒంటె పాదము వెడల్పుగా ఉండుటలోని రహస్యము ఇదియే. రాల్ఫ్ బాగ్నోల్డ్ అను ఆంగ్లసేనా ఇంజనీరు 1920లలోను, 1930లలోను సామాన్యమైన ఫోర్డు కార్లతో ఈజిప్టు, లిబియా ఎడారులలో తిరిగినాడు. గాలి తగ్గించుటయు, చక్రముల క్రింద ఉక్కు పలకలు పరచి బండిని పైకి తెచ్చుటయు ఆయన బృందము అనుభవముచే నేర్చిన ఉపాయములు. 1940లో ఆయన నెలకొల్పిన ఎడారి సైనికదళము ఆ ఉపాయములతోనే శత్రువు వెనుకభాగమున వందల మైళ్లు సంచరించినది. మరుసటి యేట ఇసుకను గురించి ఆయన వ్రాసిన శాస్త్రగ్రంథము నేటికిని ప్రమాణము. మనకు ఉక్కు పలకలు అక్కరలేదు. తాటిమట్టలు, కొబ్బరిమట్టలు, గోనెసంచులు, పాత తలుపుచెక్క, ఏదైనను చాలును. అయితే చక్రము ముందు మన్ను ఏటవాలుగా త్రవ్వి, మట్టలను టైరు క్రిందికి చొప్పింపవలెను. పైన పడవేసిన మట్టను టైరు వెనుకకు విసరివేయును. వెనుక నిలుచున్నవాని మోకాలు దానికి గురి. గట్టినేలకు చేరిన పిమ్మట మరల గాలి నింపకుండ వేగముగా పోరాదు.

ఇంతవరకు తప్పనిసరియై దిగబడినవారి మాట చెప్పితిని. కోరి దిగబడువారును కలరు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలు అన్నారు. నేటి యువకులు కొందరు అడుసు త్రొక్కుటకే సెలవుదినమును ఉంచుకొందురు. నాలుగు చక్రములకును ఇంజను బలము అందు జీపులలో చెలికాండ్రతో కలిసి, రోడ్డు లేని చోట బురదలోనికి దింపి, ఒకరి బండిని ఒకరు తీసికొనుచు ప్రొద్దు పుచ్చుదురు. ప్రపంచమున ఇది పెద్ద క్రీడయైనది. 1980లో అమెజాన్ అడవి బాటలో కొందరు జర్మనులతో మొదలైన కేమెల్ ట్రోఫీ యాత్ర ఇరువది ఏండ్లు సాగినది. మలయా దేశమున 1997లో మొదలైన రెయిన్ ఫారెస్ట్ ఛాలెంజ్ అను వానకాలపు పోటీ 2014లో గోవాకును వచ్చినది. ఇంధనము కాల్చి బురద పూసికొనుట ఏమి వినోదమని గృహిణులు నవ్వవచ్చును. బట్టలు ఉతుకువారికి ఆ హక్కు ఉన్నది. కాని నేను ఈ ఆటను తేలికగా త్రోసివేయజాలను. 2018 ఆగస్టులో కేరళమున వరదలు వచ్చినప్పుడు, బెస్తవారు పడవలతో వచ్చినట్లే, ఈ జీపుల యువకులును వచ్చి, ఇతర వాహనములు పోలేని నీటిదారులలో దిగి మనుష్యులను గట్టుకు చేర్చిరి. ఆటలో నేర్చినది ఆపదలో అక్కరకు వచ్చినది.

అదే సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉత్తరభాగమును తాకినది. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు నేలకొరిగినవి. అట్టి దినములలో రోడ్డు ఎట్లుండునో తీరవాసులకు చెప్పనక్కరలేదు. కూలిన చెట్టును తప్పించుటకు, ఎదురుబండికి త్రోవ ఇచ్చుటకు, లారీ అంచు దిగును. నానిన అంచు కుంగును. దాని వెనుక ఇరువది బండ్లు ఆగును. వాటిలో ఒకటి మంచినీటి బండి, ఒకటి రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు బండి కావచ్చును. అప్పుడు ఆ లారీని అరగంటలో తీయగల నలుగురు ఆ ఊరిలో ఉన్నారా లేరా అన్నది చిన్న ప్రశ్న కాదు.

అయితే తీయువారు ప్రాణములతో తిరిగి రావలెను. దిగబడుటవలన మనుష్యులు చచ్చుట అరుదు. తీయుటలోనే చత్తురు. మన పల్లెలలో ఏటేట తప్పక బురదలోనికి దిగు వాహనము దమ్ముచేయు ట్రాక్టరు. దానిని గురించి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ట్రాక్టరు వెనుక చక్రములు ఏమాత్రము తిరుగ వీలులేనంత గట్టిగా పట్టుబడినవనుకొందము. నడుపువాడు బలమైన గేరు వేసి క్లచ్చి వదలినాడు. ఇంజను బలము ఎటో ఒక వైపు పోవలెను గదా. ఇరుసుమీద చక్రము తిరుగలేకపోయిన, ఇరుసు చుట్టు ట్రాక్టరే తిరుగును. ముందుభాగము గాలిలోనికి లేచి, రెండు సెకన్లలోపుగా వెనుకకు వెల్లకిల పడును. క్లచ్చి నొక్కవలెనన్న తలంపు కాలికి చేరులోపల కార్యము మించిపోవును. నడుపువాడు దాని క్రిందనే ఉండును, అదియు బురదలో.

ఈ ప్రమాదమును చేజేతుల కొనితెచ్చు అలవాటొకటి కలదు. దిగబడిన చక్రములకు అడ్డముగా ఒక దుంగను గొలుసుతో కట్టి త్రిప్పుదురు. దుంగ నేలను పట్టి ట్రాక్టరును ముందుకు గెంటునని ఆశ. పదిసార్లు గెంటును. పదునొకండవసారి దుంగ కదలదు, చక్రము ఆగును, ట్రాక్టరు లేచును. ఆ పదిసార్లు బ్రతికినవాని ధైర్యమే ప్రక్కవానికి పాఠమగుచున్నది. అటులనే బరువును ఇరుసుకంటె ఎత్తయిన చోట కట్టి లాగుటయు ప్రాణాంతకము. గొలుసు కట్టవలసినది ఇరుసుకు దిగువనున్న కడ్డీకే. దిగబడినప్పుడు పనిముట్టును విప్పి, చక్రముల వెనుక మన్ను త్రవ్వి, వెనుక గేరులో వచ్చినదారినే బయటికి రా యత్నింపవలెను. వెనుకకు నడచునప్పుడు ముందుభాగము లేవదు, నేలకు అదుముకొనును. రానిచో ఇంజను ఆపి, గట్టుమీదనున్న వేరొక ట్రాక్టరును పిలువవలెను. గంట ఆలస్యమగును, నీటి వంతు తప్పవచ్చును, ఇరుగుపొరుగువారు పరిహసింతురు. వీనిలో ఏదియు ఆ రెండు సెకన్లకు సాటిరాదు. మడ్గార్డుమీద పిల్లలను కూర్చుండబెట్టు ముచ్చటను ఆ దినమునకైనను మానవలెను. కొత్త ట్రాక్టరు కొనువారు తలపై రక్షణచట్రమును, దానితోపాటు నడుముపట్టీని అడిగి తీసికొనుట మంచిది. చట్రముండి పట్టీ లేనిచో మనిషి జారి చట్రము క్రిందనే పడవచ్చును.

రెండవ మృత్యువు మోకు. బిగిసిన మోకు విల్లువంటిది. నైలాను మోకు సాగును. ఆ సాగుటలోనే దాని ఉపయోగమున్నది. ముందుబండి కొంచెము నడచి మోకు సాగిన పిదప అది ముడుచుకొనుచు వెనుకబండిని మెత్తగా పెరుకును. కాని తెగినను, దానిని కట్టిన కొక్కెము ఊడినను, ఆ బలమంతయు ఆ ఇనుపముక్కను తుపాకిగుండువలె విసరును. ట్రెయిలరు తగిలించుటకై వెనుక పెట్టు ఉక్కుగుండుకు మోకు కట్టి లాగగా అది విరిగి అద్దము పగులగొట్టి లోనివారిని చంపిన సంఘటనలు ఆస్ట్రేలియాలో జరిగినవి. బంపరుకును కట్టరాదు. చట్రమునకు బిగించిన కొక్కెమునకే కట్టవలెను. మోకు నడుమ ఒక తడిగోనె వేసియుంచిన, తెగినప్పుడు దాని విసురు కొంత తగ్గును. చూచువారు మోకు పొడవుకంటె ఎక్కువ దూరమున, లాగు దిక్కునకు ప్రక్కగా నిలువవలెను. బిగిసిన మోకును దాటరాదు.

చెప్పుట సులభము. దిగబడిన బండి చుట్టు ఊరు చేరును. చేరిన ప్రతివాడును ఇంజనీరే. ఒకడు లాగుమనును, ఒకడు ఆగుమనును, నడుపువాడు ఇద్దరి మాటయు విని రెండును చేయును. అందుచేత మొదట ఒక పెద్దను నిర్ణయించుకొనవలెను. అతడొక్కడే సైగ చేయవలెను. మిగిలినవారు నోరు మూసికొని దూరముగా ఉండవలెను. అయితే "ఆగు" అను మాట మాత్రము ఎవరైనను అనవచ్చును, పసివాడన్నను ఆగవలసినదే. పడవను ఇసుకమీదికి ఎక్కించు మన బెస్తవారిని చూడుడు. పదిమంది చేతులు ఒక్కసారి కదలుటకు ఒక్క గొంతు చాలుచున్నది. హైలెస్సా అన్న కేక పాట మాత్రమే కాదు, అది ఆజ్ఞ.

కడలి యొడ్డున మోకు కట్టుటకు చెట్టు దొరకదు. అట్టిచోట ఇసుకలో నడుములోతు గొయ్యి త్రవ్వి, అదనపు చక్రమునో దుంగనో లాగు దిక్కునకు అడ్డముగా పాతి, దానికి మోకు కట్టి, కప్పీ వేసి లాగవచ్చును. బండికి కట్టిన కప్పీ బలమును రెట్టించును, వేగమును సగము చేయును. మోటారు పొగగొట్టము బురదలో కప్పబడియుండగా ఇంజను నడపుచు లోన కూర్చుండరాదు. ఆ విషవాయువుకు వాసన లేదు.

చివరగా కళింగపట్నపు ఇసుకను గురించియే ఒక మాట. అల తడిపి విడిచిన ఇసుక రాయివలె గట్టిగా కానవచ్చును. దానిని నమ్మి జీపును దింపుదురు. పైనున్న పొడి ఇసుక దాటుచు దిగబడుట ఒక విధము. అలల అంచున ఆగుట అంతకంటె చెడ్డది. ఆగిన చక్రము చుట్టు ప్రతి అలయు కొంత ఇసుకను కోసికొనిపోవును. బండి తాను కదలకయే క్రుంగును. ఆటుపోటులకు నడుమ ఉన్నది సుమారు ఆరు గంటలే. ఏటిమొగ దగ్గర దిబ్బలు ఏటికేడు చోటు మారును గనుక నిరుటి త్రోవ ఈ యేడు ఉండదు. అసలు ఆటకు ఈ ఒడ్డు తగదు. అందుకు వేరొక కారణము కూడ ఉన్నది. ఈ తీరమున శీతాకాలము చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఎక్కి గుడ్లు పెట్టును. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము వాటిని కాపాడుచున్నది. చక్రము గుడ్లను అణచుట అటుంచి, సుమారు ఏడు వారములకు బయటపడు అరచేతికంటె చిన్న పిల్లలు సముద్రమునకు ప్రాకునప్పుడు టైరు చాలులో పడి ఎక్కలేవు. ఆ చాలు వెంటనే అటునిటు తిరుగుచుండగా తెల్లవారును, కాకులు వచ్చును. తప్పనిసరియై ఒడ్డున బండి దిగబడినవారు దానిని తీసిన పిదప పారలు బండిలో వేయకముందే, త్రవ్విన గోతులను, చక్రపు చాళ్లను పూడ్చి, ఇసుకను చదునుచేసి పోవలెను.